గంట వద్దు, గోపురం వద్దు

ఉల్లిపాయల కొట్లో ఏడిస్తే ఎవరూ పట్టించుకోరు. తాడేపల్లిగూడెం మార్కెట్లో నేను లెక్కలు రాసే కొట్టుకి ఆ పొద్దున లారీ వచ్చింది. గోనె సంచులు విప్పుతుండగా ఏలూరు నుంచి టైలర్ మస్తాన్ గారు ఫోన్ చేశారు. "అమ్మా, మాస్టారు వెళ్ళిపోయారండి. నిద్రలోనేనండి," అన్నారు. అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. మా షావుకారు అటుగా వెళ్తూ, "ఈసారి సరుకు ఘాటుగానే ఉందే," అని సంతోషపడ్డాడు.

ఫోన్ పెట్టేసే ముందు మస్తాన్ గారు ఇంకో మాట చెప్పారు. "నల్లజర్ల నుంచి మాస్టారి తమ్ముడుగారు వచ్చేశారండి. పురోహితుణ్ణి, కట్టెల్ని మాట్లాడేశారు. అటు మెడికల్ కాలేజీకి కూడా కబురెళ్ళిందండి. రెండిట్లో ఏదో అమ్మగారే చెప్పాలి. ఆవిడేమో పలకట్లేదు. మీరోసారి రండమ్మా."

ఇదీ చిక్కు. మాస్టారికి దేవుడు లేడు. ఆయన భార్యకి, అంటే నేను పిన్నిగారని పిలిచే ఆవిడకి, దేవుడు లేనిదే తెల్లవారదు. తను పోయాక మంత్రం, కర్మ, పిండం ఏవీ పెట్టొద్దని, ఒంటిని మెడికల్ కాలేజీ పిల్లల చదువుకి ఇచ్చేయమని మాస్టారు కనపడిన వాళ్ళందరికీ చెప్పి ఉంచారు. పాలు పోసే అతనికి కూడా చెప్పారు. కానీ ఇవ్వాలంటే ఇంటావిడ ఒప్పుకోవాలి. ఆవిడ చూస్తే, కర్మ జరక్కపోతే పోయినవాళ్ళు దారీ తెన్నూ లేకుండా తిరుగుతారని మనసారా నమ్మే మనిషి. ఏలూరు బస్సెక్కానన్న మాటే గానీ దారి పొడుగునా నాకు అదే దిగులు.

మాస్టారు నాకు గూడెం కాలేజీలో హిస్టరీ చెప్పారు. తర్వాత ఏలూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో వట్లూరులో వాళ్ళింటి మేడ మీద వాటాలో చాలా ఏళ్ళు అద్దెకున్నాను. క్లాసులో తప్పించుకున్న పాఠాలన్నీ మేడ మెట్ల మీద పట్టుబడి విన్నాను.

ఆయనకి చరిత్ర మొత్తంలో నచ్చింది ఒకే ఒక్కటి. పరాయి మతం వాళ్ళ జోలికి పోమని రాజులు, ప్రభుత్వాలు రాసిచ్చిన శాసనాలు. "యుద్ధాలదేముందమ్మా, కత్తి దొరికితే ఎవడైనా చేస్తాడు. కత్తి చేతిలో పెట్టుకుని కూడా ఎదుటివాణ్ణి వాడి దేవుడి దగ్గరికి వెళ్ళనిచ్చాడు చూడు, వాడి గురించి చదువు," అనేవారు. ఆయన మాటలు వింటే ఆ రాజులంతా పెంటపాడులోనో నిడదవోలులోనో ఉండే చుట్టాలనిపించేది. "ఫ్రాన్సు రాజుగారు మంచివారమ్మా. నాంట్ అనే ఊళ్ళో కూర్చుని, తన మతం కాని వాళ్ళకి కూడా పూజ చేసుకునే హక్కు రాసిచ్చారు. ఆయన మనవడున్నాడే, అప్రయోజకుడు, అదంతా రద్దు చేసి పారేశాడు," అని చెప్పాక ఆ పూట ఇంక కాఫీ ముట్టేవారు కాదు. వందల ఏళ్ళ కిందటి రద్దు మీద ఈయన వట్లూరులో అలిగేవారు.

ముఖ్యమైన మాట చెప్పబోయే ముందు చూపుడు వేలు పైకెత్తి, మెల్లగా దించి, ఎదురుగా ఏముంటే దాని మీద ఆనించడం ఆయన అలవాటు. బల్లుంటే బల్ల మీద, మనిషుంటే మనిషి మీద. సిటీ బస్సులో ముందు సీటాయన బట్టతల మీద ఆనించి, మన మౌర్య చక్రవర్తి రాతి మీద ఏం చెక్కించాడో నాకు వివరించారు. సొంత మతాన్ని అదే పనిగా పొగుడుకోవద్దు, ఎదుటివాడి మతాన్ని కించపరచొద్దు, నాలుకని అదుపులో పెట్టుకో అని దాని సారాంశం. ఆ బట్టతలాయన కదలకుండా పాత బస్టాండు దాకా విని, దిగేటప్పుడు, "బాగా చెప్పారండీ," అని మరీ దిగాడు.

తుమ్మితే మాత్రం "రామ రామ" అనేవారు. ఉండబట్టలేక అడిగేశాను ఒకసారి. "అలవాటుకి మతం లేదమ్మా. అది మా నాన్నగారి తుమ్ము. నాకు ఆస్తిగా వచ్చింది," అన్నారు.

ఇక ఇంట్లో శాసనం సంగతి. పెళ్ళైన కొత్తలో పిన్నిగారు పుట్టింటి నుంచి దేవుడి పటాలు తెచ్చుకున్నారు. నాస్తికుడి ఇంట్లో పటాలేంటని స్నేహితులు ఆటపట్టిస్తే, మాస్టారు బాగా ఆలోచించి ఆస్ట్రియా చక్రవర్తి పద్ధతి అమలు చేశారు. ఆ చక్రవర్తి తన శాఖ కాని క్రైస్తవుల్ని ప్రార్థన మందిరాలు కట్టుకోనిచ్చాడు గానీ షరతులు పెట్టాడు. గంట ఉండకూడదు. గోపురం ఉండకూడదు. వీధి వైపు గుమ్మం ఉండకూడదు. ఆ ప్రకారం దేవుడికి వంటింటి అలమారలో బియ్యం డబ్బా పక్కన చోటు మంజూరైంది.

పిన్నిగారు "అలాగేనండీ" అన్నారు. మా వైపు ఆ మాటకి అసలు అర్థం వినేవాళ్ళకి కొన్నాళ్ళు పోయాక గానీ తెలీదు. ఆవిడ హారతి వేళకి చెంచాతో ఇత్తడి గ్లాసు మీద కొట్టడం మొదలుపెట్టారు. ఇదేంటని అడిగితే, "గంట వద్దన్నారు గానీ గ్లాసు వద్దనలేదు కదండీ," అన్నారు. గోపురం సంగతీ అంతే. పటాల వెనక స్టీలు డబ్బాలు పెద్దదాని మీద చిన్నది పేర్చుకుంటూ వెళ్ళి చిట్టచివర ఇంగువ డబ్బా నిలబెట్టారు. మాస్టారికి కోపం రాకపోగా ఇది చెప్పేటప్పుడల్లా ముఖం వెలిగిపోయేది. "ప్రతి శాసనంలోనూ జనం ఇలాగే సందు కనిపెట్టారమ్మా. పుస్తకాల్లో చదివిందంతా నా వంటింట్లో జరుగుతోంది," అని మురిసిపోయేవారు.

ఆ ఫ్రాన్సు మనవడి భయం కొద్దీ ఏటా పెళ్ళిరోజున శాసనాన్ని తిరగరాయడం ఇంకో తంతు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వంటింటి గుమ్మంలో నిటారుగా నిలబడి, "ఈ సంవత్సరం కూడా నీకు పూజ చేసుకునే స్వేచ్ఛని కొనసాగిస్తున్నాను," అని ప్రకటించేవారు. ఆవిడ బీరకాయ చెక్కు తీసుకుంటూ, "సంతోషమండీ. ఆ పాలగిన్నె కాస్త దించండి," అనేవారు. ఆయన దించేవారు. నేను చూసిన ఏడాది ప్రకటన కొంచెం పొడుగైంది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది గానీ ఆయన మధ్యలో ఆపలేదు.

ఇన్ని శాసనాలు కంఠస్థం చేసినాయనకి ఒక్కటే బాధ. ఏ శాసనం చూసినా అది చెల్లని వాళ్ళు కొందరు మిగిలిపోయేవారు. ఇంగ్లండు చట్టం కొన్ని శాఖల్ని రానిచ్చి, కొన్నిటిని గుమ్మం బయటే ఉంచింది. అమెరికాలో ఒక వలస ప్రాంతంలో, ఎదుటివాడి శాఖని పేరు పెట్టి వెక్కిరిస్తే శిక్ష వేశారట. ఆ సంగతి మహా ఇష్టంగా చెప్పి, "కానీ నన్ను మాత్రం వాళ్ళు కూడా లోపలికి రానివ్వరమ్మా. దేవుడే లేడనేవాడికి వాళ్ళ చట్టంలో శిక్షే గానీ చోటు లేదు," అని దిగులుపడేవారు. చివరికి మన రాజ్యాంగంలో అంతరాత్మ స్వేచ్ఛ అన్న మాట దగ్గర ఆయనకి ఊపిరాడింది. అందులో తనకీ కుర్చీ వేశారట. ఆ కృతజ్ఞతతో రిపబ్లిక్ డేనాడు షుగర్ని లెక్కచెయ్యకుండా జాంగ్రీలు తినేవారు.

మస్తాన్ గారి కొట్టు వన్‌టౌన్‌లో ఉండేది. మాస్టారి సాయంత్రాలు అక్కడే గడిచేవి. "మాస్టారూ, మిషన్ మీద బట్టుండగా దేవుడు లేడని అనకండి. కుట్టు వంకర పోతోందండి," అని మస్తాన్ గారు బతిమాలుకుంటే, ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. కుట్టేటప్పుడు చరిత్ర, బొత్తాలు పెట్టేటప్పుడు రాజకీయాలు, కొట్టు మూశాక దేవుడు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకెళ్తే, కొట్టు మాస్టారు కాసేవారు. "అల్లా దయ వల్ల మాస్టారికి రిటైరయ్యాక ఒక ఉద్యోగం దొరికిందండి," అని మస్తాన్ గారు నవ్వేవారు.

ఆ ఉద్యోగంలో ఒకసారి మాస్టారు ఉత్సాహపడి కొలతలు కూడా తీశారు. వచ్చినాయన చేతులు కట్టుకుని నిలబడితే, ఆ చేతుల్తో సహా ఛాతీ కొలిచి రాసిపెట్టారు. ఆ చొక్కాలో ఆయనా, ఆయన తమ్ముడూ కూడా పట్టేవారు. పాపం మా ఏలూరు మనిషి, ఎవర్నీ నొప్పించలేడు. "పర్లేదండీ, గాలాడుతోంది," అని తొడుక్కుని వెళ్ళిపోయాడు.

అయితే మాస్టారంటే నాకు మొదట గుర్తొచ్చేది కొల్లేటికోట. ఆయనకి పిత్తాశయంలో రాళ్ళు తీశాక, ఆపరేషన్ బాగా జరిగితే కొల్లేటికోట అమ్మవారికి చీర పెడతానని పిన్నిగారు మొక్కుకున్న సంగతి బయటపడింది. "నా రాళ్ళకి నువ్వు మొక్కుకోవడమేంటి?" అన్నారాయన. "రాళ్ళు మీవేనండీ. భయం నాది కదా," అన్నారావిడ. ఆయన కాసేపు ఆలోచించి, భయం ఆవిడ సొంత వ్యవహారమేనని ఒప్పుకుని, ఆవిడ ఆరాధన హక్కుకి రక్షణగా తనూ వస్తానన్నారు. ఆటో మాట్లాడుకుని చేపల చెరువుల గట్ల మీదుగా ముగ్గురం వెళ్ళాం.

మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం నైవేద్యమని గుడి తలుపులు వేసేశారు. ఎండలో జనం కూర్చుని ఉన్నారు. అక్కడ వేసిన తలుపులు మామూలుగా సాయంత్రం దాకా తియ్యరు. పిన్నిగారు చీర పళ్ళెం పట్టుకుని ఓ వార నిలబడ్డారు. పదిమంది చేస్తున్నట్టే ఆవిడా ఓపిక పట్టేవారే. మాస్టారికే ఆ తలుపులు చూడగానే ఏదో అయింది. ఇంగ్లండు చట్టంలో ఒక షరతుంది. ప్రార్థన జరిగేచోట తలుపులకి తాళం గానీ గడియ గానీ వెయ్యకూడదు. లోపల ఏం జరుగుతోందో ఏమోనన్న అనుమానంతో ప్రభుత్వం పెట్టిన షరతు అది. ఆ భాగం మాస్టారు మర్చిపోయారు. గడియ ఒక్కటే గుర్తుంది.

మెట్ల మీదికెక్కి వేలెత్తారు. ఆనించడానికి ఎదురుగా ఏమీ లేక ఆ వేలు గాల్లోనే వణికింది. "తలుపులెందుకు మూశారు? గడియ తియ్యండి. ఆరాధనకొచ్చిన వాళ్ళని బయట నిలబెట్టే అధికారం మీకెవరిచ్చారు?" అని గొంతెత్తారు. ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కాలేదు. ఎండ. చెమటలు పట్టి ఒళ్ళంతా ఊగుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ పైన ఫ్రాన్సు అన్నారు, ఇంగ్లండు అన్నారు, రద్దు చేసినవాడు పశ్చాత్తాపపడతాడన్నారు.

ముందు వరసలో ఒక ముసలావిడ చటుక్కున లేచి చేతులు జోడించింది. "అమ్మ పలుకుతోందర్రా," అంది.

ఆ తర్వాత ఆయన మాట ఆయన చేతిలో లేదు. ఎవరో బిందెడు పసుపునీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోశారు. ఇంకెవరో వేపకొమ్మ చేతిలో పెట్టారు. ముసలావిడ రూపాయి కాసంత బొట్టు పెట్టింది. చెరువు రైతొకాయన తువ్వాలు నడుముకి చుట్టుకుని ముందుకొచ్చాడు. "తల్లీ, తెల్లారేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయమ్మా. ఏం తప్పు చేశాం తల్లీ?"

మాస్టారు ఎంత ఆవేశంలో ఉన్నా, అడిగినదానికి జవాబు చెప్పకుండా ఉండలేని మనిషి. "తప్పేం లేదు. నీళ్ళలో ఆక్సిజన్ చాలట్లేదు. ఏరేటర్ పెట్టించు," అన్నారు.

"ఏరేటర్ పెట్టించమంది అమ్మ," అని జనం ఒకరికొకరు చెప్పుకున్నారు.

ఒకావిడ కొడుకు అత్తారింట్లోనే ఉండిపోయాడని ఏడ్చింది. "అది వాడి స్వేచ్ఛ," అన్నారు మాస్టారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, అమ్మ చెప్పాక ఇంకేముందని ఊరుకుంది. ఈ గోలకి పూజారిగారు బయటికొచ్చి చూసి, బెంబేలెత్తి తలుపులు బార్లా తెరిచేశారు. ఇంగ్లండు పార్లమెంటు ఎప్పుడో చేసిన చట్టం కొల్లేటికోటలో అమలవడం నేను కళ్ళారా చూశాను.

నేను వెళ్ళి ఆయన్ని కిందికి దింపుదామంటే పిన్నిగారు చెయ్యి పట్టుకుని ఆపారు. చూస్తే ఆవిడ కూడా ఆయనకి దణ్ణం పెడుతున్నారు. "మీరు కూడానా పిన్నిగారూ?" అన్నాను. "ఎందుకైనా మంచిదమ్మాయ్," అన్నారు నవ్వాపుకుంటూ.

తిరుగు ప్రయాణంలో ఆటోలో మాస్టారు వేపకొమ్మని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. తర్వాత, "అక్కడే ఖండించి ఉండాల్సింది," అన్నారు. "ఇంటికెళ్ళాక ఖండిద్దురు గాని. ఆ బొట్టు మాత్రం తుడవకండి. ఆవిడ ఎంతో ప్రేమగా పెట్టింది," అన్నారు పిన్నిగారు. ఆయన జేబులోంచి తీసిన రుమాలు మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు. ఏలూరు వచ్చేదాకా అంత బొట్టుతోనూ అలాగే కూర్చున్నారు. ఆ రోజు ఆయన మీద నాకు కలిగిన గౌరవం కాలేజీలో ఎన్ని పాఠాలు విన్నా కలగలేదు.

ఈ తలపులతోనే బస్సు దిగి వట్లూరు వెళ్ళేసరికి వాళ్ళ సందులో రెండు బళ్ళు ఇరుక్కుని ఉన్నాయి. ఇటు కట్టెల ట్రాక్టరు, అటు మెడికల్ కాలేజీ వ్యాను. "మీరు ముందు వెళ్ళండి," అంటాడు ట్రాక్టరాయన. "అబ్బే, మీరు ముందొచ్చారు కదండీ," అంటాడు వ్యాను డ్రైవరు. ఆ మర్యాదల్లో ఎవరూ కదలక వీధంతా ఆగిపోయింది.

లోపల హాల్లో అద్దాల పెట్టెలో మాస్టారు ఉన్నారు. మస్తాన్ గారు మెడలో టేపుతోనే వచ్చేసినట్టున్నారు, ఆయన తలాపున నిలబడ్డారు. పిన్నిగారు గోడకానుకుని కూర్చున్నారు. నన్ను చూసి పక్కన చోటు చూపించారు.

తమ్ముడుగారు చెడ్డవారేం కాదు. ఆయన గొంతులో ఏడుపే ఉంది. "వదినగారూ, మీరు ఊఁ అంటే చాలండి. పురోహితుడు గారు ఎదురుచూస్తున్నారు. అన్నయ్య ఏదో పుస్తకాల మీది ప్రేమకొద్దీ అన్నారు గానీ, ఆయన్ని అనాథలా వ్యాన్ ఎక్కిస్తామా? కర్మ లేకపోతే ఆయనకి గతేంటండీ? ఈ మాట మీరే నాకు వంద సార్లు చెప్పారు."

"చెప్పాను. ఇప్పుడూ అదే నమ్ముతున్నాను," అన్నారు పిన్నిగారు. "నాకు భయంగానే ఉంది మరిదిగారూ. చాలా భయంగా ఉంది. కట్టెలు వెనక్కి పంపించేయండి. ఆయన్ని కాలేజీ వాళ్ళకి ఇచ్చేద్దాం."

"అన్నయ్య మిమ్మల్ని పూజలు చేసుకోనిచ్చారని, ఆ రుణం ఇలా తీర్చుకుంటారా వదినగారూ?" అన్నారు తమ్ముడుగారు.

పిన్నిగారు తలెత్తి చూశారు. అంత మెత్తటి మనిషిలో ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు.

"ఆయన ఇవ్వడమేంటండీ? నా దేవుణ్ణి నేను తెచ్చుకోవడానికి ఎవర్నీ అడగలేదు. ఏటా గుమ్మంలో నిలబడి ఇస్తున్నాను ఇస్తున్నాను అంటే, ముచ్చటపడుతున్నారు కదా అని వినేదాన్ని. నా ఇంట్లో కూర్చుని, నా చేతి కాఫీ తాగుతూ, దేవుడు లేడు లేడని అంటుంటే నలభై ఏళ్ళూ ఊరుకున్నది నేను. ఇవాళ ఆయన లేచి కాదనలేరని నా పద్ధతి పెట్టేశాననుకోండి, నేను ఇన్నాళ్ళూ ఊరుకున్నది ఉత్తుత్తిదైపోతుంది కదండీ."

మస్తాన్ గారు మెడలో టేపు తీసి జేబులో పెట్టుకుని, తమ్ముడుగారి భుజం మీద చెయ్యి వేశారు. కాసేపటికి తమ్ముడుగారే బయటికెళ్ళి ట్రాక్టరు వెనక్కి తీయించారు. పెట్టెలోంచి తీసి స్ట్రెచర్ మీద పడుకోబెట్టేటప్పుడు ఒక చివర ఆయన పట్టుకున్నారు, ఇంకో చివర మస్తాన్ గారు. మాస్టారి తెల్లచొక్కా నలగకుండా పిన్నిగారు కాలర్ సర్ది, జేబు మీద ఓసారి చెయ్యి వేసి తీసేశారు. వ్యాను సందు మలుపు తిరిగేదాకా వీధిలోనే నిలబడ్డారు. నేను ఏడుస్తున్నాను. ఈసారి సాకు చెప్పడానికి ఉల్లిపాయలు కూడా లేవు.

వ్యాను కనపడకుండా పోయాక ఆవిడ గబగబా లోపలికి నడిచారు. పడిపోతారేమోనని వెనకే వెళ్ళాను. వంటింట్లో అలమార ముందు నిలబడి, పటాల కేసి చూస్తూ, ఇంటికొచ్చిన పెద్దమనిషితో మాట్లాడుతున్నట్టు చిన్న గొంతుతో చెబుతున్నారు.

"స్వామీ, ఆయన బయల్దేరారండి. దారి తెలీదు, మీరే ఎవర్నైనా ఎదురు పంపించాలి. వచ్చాక మిమ్మల్ని ఎదురుగా చూసి కూడా మీరు లేరనే అంటారు. మీరేమీ అనుకోకండి. నేనొచ్చేదాకా కాస్త ఊరుకోండి."